న్యూజెర్సీ బురదలో మన కందకు చుట్టం

1. పూలు చూడ్డానికి ఏప్రిల్ దాకా ఆగొద్దు. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన మా ఈడు వాళ్లకు ఫిబ్రవరి అంటే హీటర్ పక్కన కూర్చునే నెల. సరిగ్గా అప్పుడే న్యూజెర్సీ గ్రేట్ స్వాంప్ అడవిలో, చెట్ల కింద నీళ్లూరే చోట స్కంక్ క్యాబేజీ పూత మొదలవుతుంది. ఆకు తర్వాత వస్తుంది. ముందు ముదురెరుపు మచ్చల దొప్ప, అందులో గుండ్రటి కంకి, దాని నిండా చిన్న చిన్న పూలు.

2. మంచులో గుండ్రంగా కరిగిన చోటు కనిపిస్తే వంగి చూడండి. ఆ కంకి తన వేడి తానే పుట్టించుకుంటుంది. నేలలోని దుంపలో దాచుకున్న పిండిపదార్థమే దానికి వంటచెరకు. రోజర్ నట్సన్ 1974లో ‘సైన్స్’ పత్రికలో రాసిన లెక్క ప్రకారం, చుట్టూ ఉన్న గాలి కన్నా 15 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడి, అదీ కనీసం రెండు వారాలు. చలి పెరిగితే మంట పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. మా ఇంట్లో థర్మోస్టాట్ దగ్గర రోజూ జరిగే గొడవ దీనికి లేదు!

3. దీని కంపుకు ముక్కు మూసుకోకండి. ఈగలనూ పురుగులనూ పిలిచేది అదే. కంద పువ్వు వాసన ఎరిగిన గోదావరి జిల్లాల వాళ్లకు ఇదేం కొత్త కాదు. కంద, చేమ, ఇది ఒకే కుటుంబం. కంద పువ్వు కూడా వేడెక్కుతుంది.

4. చుట్టరికం ఉందని కూర వండొద్దు. మే నెలకు ఆకులు చేమాకుల్లా విశాలంగా పరుచుకుంటాయి, చూస్తే పులుసు గుర్తొస్తుంది. వాటిలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు నోటినీ గొంతునూ మండిస్తాయి. ఉడికించినా పోవు. పైగా అదే తడిలో, దీన్ని చూసి పొరబడేలా ఫాల్స్ హెలెబోర్ అనే విషపు మొక్క పెరుగుతుంది, దాన్ని తింటే గుండెకే ప్రమాదం.

5. పీకి పెరట్లో నాటాలనుకోవద్దు. దీని వేళ్లు ముడుచుకుంటూ మొక్కను ఏటా ఇంకాస్త లోపలికి లాగుతాయి. ముదిరిన మొక్క ఊడి రాదు.

6. మొక్క మీద ప్రేముంటే తడినేలను నిలబెట్టాలి. 1959లో ఈ గ్రేట్ స్వాంప్ చిత్తడి మీదే పెద్ద విమానాశ్రయం కడతామన్నారు. చుట్టుపక్కల జనం చందాలు పోగేసి, దాదాపు 3,000 ఎకరాలు కొని ప్రభుత్వానికి రాసిచ్చారు. 1960లో అది వన్యప్రాణి ఆశ్రయమైంది. ఎడిసన్ ఊరి నుంచి కారులో గంట లోపే. వెళ్లండి, అక్కడ వేసిన చెక్కబాట మీంచి మాత్రం కిందికి దిగకండి.