వేలు కొలిస్తే తెలియదు

తర్లుపాడులో ఒక తల్లి. కొడుక్కి మూడేళ్లు. పిలిస్తే పలకడు. కళ్లలోకి చూడడు. ఆమె అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వచ్చింది.

"ఉంగరం వేలు పొడుగుంటే ఆటిజం అంటన్నారు. నిజమేనా టీచరమ్మా?"

"ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో తేడా. 2001లో ఇంగ్లండులో పిల్లల వేళ్లు కొలిచారు. ఆటిజం ఉన్నవాళ్లకు చూపుడు వేలి కంటే ఉంగరం వేలు మరికాస్త పొడుగని తేలింది. కానీ మామూలు మగపిల్లల్లో చాలామందికీ ఆ వేలు పొడుగే. వేలు కొలిచి ఆటిజం చెప్పలేం."

"మరి ఎట్టా తెలిసేది?"

"వేలి పొడుగు కాదమ్మా. కావలసింది వేలితో చూపుతాడా? అది చూడాలి."

"చూపడు."

"అయితే మార్కాపురం పెద్దాసుపత్రికి తీసుకుపో. ఇది నీ తప్పు కాదు. గాలి సోకడం కాదు. తొందరగా మాట, ఆట నేర్పిస్తే మేలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది."

తల్లి బిడ్డను ఎత్తుకుంది.

ఆలోచించండి: మీ వీధిలో పిలిస్తే పలకని బిడ్డ ఉన్నాడా? ఆ తల్లికి మీరేం చెబుతారు?