తెడ్డు పట్టేముందు

విశాఖపట్నం వెళ్ళి రుషికొండ సముద్రతీరం చూసినవారికి అక్కడ నీటిమీద తేలే సన్నని, పొడవైన రంగురంగుల చిన్న పడవలు గుర్తుండే ఉంటాయి. వాటికి ఇంజను లేదు, తెరచాప లేదు. ఒక్కరో ఇద్దరో కాళ్ళు చాపుకొని కూర్చుని, రెండు చివరలా రేకలున్న తెడ్డును కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేస్తూ పోతుంటారు. ఈ పడవ పేరు కయాక్. తెలంగాణలో వికారాబాదు దగ్గరి కోట్‌పల్లి జలాశయంలో కూడా సెలవురోజుల్లో హైదరాబాదు నుంచి వచ్చినవారు దీన్ని నడుపుతుంటారు.

మన కె.కోటపాడు, చోడవరం ప్రాంతపు పిల్లలకు విశాఖపట్నం దూరం కాదు. విహారయాత్రకు వెళ్ళినప్పుడు కయాక్ ఎక్కాలని మీకూ అనిపిస్తుంది. ఎక్కవచ్చు. అయితే మీరు తరగతిలో చదివిన ఆర్కిమెడీస్ సూత్రం, న్యూటన్ నియమం, బల భ్రామకం, సాపేక్ష వేగం – ఇవన్నీ ఆ చిన్న పడవలో మీతోపాటు కూర్చుంటాయి. వాటిని ఎరిగినవాడు సరదాగా వెళ్ళి క్షేమంగా తిరిగివస్తాడు.

కయాక్ ఎక్కడ పుట్టింది?

ఉత్తర ధ్రువ ప్రాంతంలో, గ్రీన్లాండు, అలాస్కా తీరాల్లో నివసించే ఇన్యూట్ ప్రజలు వేటకోసం కయాక్‌ను తయారుచేసుకున్నారు. అక్కడ చెట్లు పెరగవు. అందువల్ల సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతోనో తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, దానిమీద సీల్ జంతువు చర్మాన్ని బిగించి కుట్టేవారు. వేటగాడు కూర్చునేందుకు నడుమ ఒక్క రంధ్రం మాత్రం వదిలేవారు. ఆ వేటపడవ క్రమంగా ఆటపడవ అయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి కయాక్ పందేలు ఒలింపిక్ క్రీడల్లో ఉన్నాయి. ఇప్పుడు మనం చూసే కయాక్‌లు ఎక్కువగా గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి.

తెప్ప, దోనె – రెండు పద్ధతులు

పడవ తేలడానికి రెండు మార్గాలున్నాయి. రెండింటినీ మన పెద్దలు ఎప్పుడో వాడుకున్నారు.

మొదటిది తెప్ప. మన తీరంలోని మత్స్యకారులు తేలిక కలప దుంగలను తాళ్ళతో కట్టి తెప్ప తయారుచేస్తారు. ఆ కలప సాంద్రత నీటి సాంద్రతకన్న తక్కువ. అందువల్ల అల మీదపడి నీళ్ళు వచ్చినా తెప్ప మునగదు. వచ్చిన నీరు దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతుంది.

రెండవది దోనె. కొల్లేరు ప్రాంతంలో తాటిచెట్టు మొదలును తొలిచి దోనె చేస్తారు. ఇక్కడ తేలడానికి ముఖ్య కారణం లోపలి ఖాళీ. ఆ ఖాళీ వల్ల దోనె ఎక్కువ నీటిని పక్కకు తోస్తుంది. ఆ ఖాళీలోకి నీరు చేరితే దోనె బరువెక్కి దిగబడుతుంది. అందుకే దోనెలో వెళ్ళేవారు నీరు తోడడానికి ఏదైనా డబ్బా దగ్గర ఉంచుకుంటారు.

కయాక్‌లలోనూ ఈ రెండు రకాలున్నాయి. లోపల కూర్చునే కయాక్ దోనె వంటిది. పైన కూర్చునే కయాక్ తెప్ప వంటిది. పైన కూర్చునే రకం అన్నివైపులా మూసిన డొల్ల. కూర్చునే చోటునుంచి అడుగుదాకా కొన్ని రంధ్రాలు ఆరపారగా ఉంటాయి. మీదపడిన నీరు వాటిగుండా దిగిపోతుంది. తిరగబడినా మళ్ళీ వెల్లకిల తిప్పి ఎక్కవచ్చు. కనుక మొదటిసారి ఎక్కేవారు ఎంచుకోవలసింది ఈ పైన కూర్చునే రకమే.

ఎంత లోతుకు దిగుతుంది?

ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. లెక్క వేద్దాం. కయాక్ 22 కిలోలు, మీరు 45 కిలోలు, తెడ్డు, జాకెట్టు కలిసి 3 కిలోలు అనుకోండి. మొత్తం 70 కిలోలు. మంచినీటిలో ఒక లీటరు బరువు ఒక కిలో. కాబట్టి కయాక్ 70 లీటర్ల నీటిని తొలగించాలి.

కయాక్ పొడవు 3 మీటర్లు, వెడల్పు 0.75 మీటరు అనుకుందాం. అది పెట్టెలా ఉంటే అడుగు వైశాల్యం 2.25 చదరపు మీటర్లు. 70 లీటర్లు అంటే 0.07 ఘనపు మీటరు. దీన్ని 2.25తో భాగిస్తే 0.031 మీటరు, అనగా 3 సెంటీమీటర్ల పైచిలుకు! కయాక్ రెండు కొసలా సన్నబడి ఉంటుంది కాబట్టి నిజానికి అంతకు రెట్టింపో, ఇంకాస్త ఎక్కువో దిగుతుంది. అయినా అది ఒక జానెడు లోతు కూడా కాదు. సముద్రపు నీటి సాంద్రత లీటరుకు 1.025 కిలోలు. అందువల్ల సముద్రంలో 68 లీటర్లు తొలగిస్తే చాలు. అక్కడ కయాక్ కొద్దిగా పైకే తేలుతుంది.

ఎందుకు తిరగబడుతుంది?

తేలడం వేరు, నిలకడగా తేలడం వేరు. మీ బరువు, పడవ బరువు కలిసి గరిమనాభి ద్వారా కిందికి పనిచేస్తాయి. నీటి ఉత్ప్లవన బలం మునిగిన భాగపు నడిమి బిందువు ద్వారా పైకి పనిచేస్తుంది. పడవ కుడివైపు ఒరిగిందనుకోండి. కుడివైపున ఎక్కువ భాగం మునుగుతుంది. పైకి నెట్టే బలం కూడా కుడివైపుకు జరుగుతుంది. బరువు పనిచేసే గీతకన్న అది బయటి పక్కన ఉన్నంతవరకు పడవను తిరిగి నిలబెడుతుంది. మీరు లేచి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు కొద్దిగా ఒరిగినా బరువు గీత ఉత్ప్లవన బలాన్ని దాటి బయటికి వెళ్ళిపోతుంది. అదే బలం ఈసారి పడవను తిరగేస్తుంది.

చేసి చూడండి: లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని, మూత బిగించి, పెద్దవారిచేత నిలువుగా సగానికి కోయించండి. మూత ఉన్న సగాన్ని తొట్టెలోని నీటిమీద వదలండి. చెరువు దగ్గర వద్దు, ఇంట్లోని తొట్టె చాలు.

1. నాలుగు గులకరాళ్ళను సీసా అడుగున పరచి, అంచును వేలితో నొక్కి వదలండి. అది మళ్ళీ సర్దుకుంటుంది.
2. అవే రాళ్ళను ఒకదానిపై ఒకటి పెట్టిన రెండు అగ్గిపెట్టెల మీద పెట్టి రబ్బరు బాండుతో కట్టండి. ఇప్పుడు నొక్కండి. బరువు మారలేదు, ఎత్తు మాత్రం మారింది. ఏమయింది?
3. రాళ్ళు తీసేసి సీసాలో మూడోవంతు నీరు పోసి నొక్కండి. లోపలి నీరు ఒరిగిన పక్కకే పరుగెత్తుతుంది. లోపల కూర్చునే కయాక్‌లో నీరు చేరితే ఎందుకు ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

కాబట్టి కయాక్‌లో నిలబడకూడదు. ఎక్కేటప్పుడు కూడా మోకాలిలోతు నీటిలో పడవ పక్కన నిలబడి, ముందుగా నడుమ కూర్చుని, తర్వాత ఒక్కొక్క కాలూ లోపలికి తీసుకోవాలి.

తెడ్డు రహస్యం

తెడ్డు నీటిని వెనక్కు తోస్తుంది. నీరు తెడ్డును ముందుకు తోస్తుంది. ఇది న్యూటన్ మూడవ నియమం. రెండు చేతులనూ భుజాలకన్న కొంచెం ఎడంగా పెట్టి తెడ్డు పట్టుకోవాలి. రేకను పాదాల దగ్గర నీటిలో ముంచి, పడవ పక్కగా వెనక్కు తెచ్చి, తుంటి దగ్గరికి రాగానే పైకి తీయాలి. చేతులతోనే లాగితే పావుగంటలో అలసిపోతారు. నడుమును కూడా కొద్దిగా తిప్పుతూ వేస్తే వీపు, పొట్ట కండరాలు పని పంచుకుంటాయి.

కుడివైపు తెడ్డు వేస్తే పడవ ముందు కొస ఎడమకు తిరుగుతుంది. ఎంత తిరుగుతుందనేది బల భ్రామకాన్నిబట్టి ఉంటుంది. బలాన్ని దూరంతో గుణిస్తే బల భ్రామకం వస్తుంది. 40 న్యూటన్ల బలాన్ని పడవ మధ్యరేఖకు అర మీటరు దూరంలో వేస్తే 20 న్యూటన్ మీటర్లు. అదే బలాన్ని ఒక మీటరు దూరంలో వేస్తే 40. అందువల్ల నేరుగా పోవాలంటే తెడ్డును పడవకు దగ్గరగా వేయండి. మలుపు తిరగాలంటే దూరంగా, అర్ధచంద్రాకారంగా తిప్పండి.

గాలి చేసే మోసం

ఇది జాగ్రత్తగా చదవండి. కొత్తవాడు నిశ్చలమైన నీటిలో గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోగలడనుకుందాం. గాలి ఒడ్డునుంచి సముద్రంవైపు వీస్తూ పడవను గంటకు 2 కిలోమీటర్ల చొప్పున నెడుతోంది. వెళ్ళేటప్పుడు వేగం 4 + 2 = 6. పది నిమిషాల్లో ఒక కిలోమీటరు వెళ్ళిపోతాడు. "ఎంత తేలికో!" అనుకుంటాడు. తిరిగివచ్చేటప్పుడు వేగం 4 – 2 = 2. అదే కిలోమీటరుకు అరగంట పడుతుంది. అప్పటికే చేతులు అలసిపోయి ఉంటాయి. అలసట వల్ల వేగం 2కు తగ్గితే ఎంత తెడ్డు వేసినా ఉన్నచోటే ఉంటాడు. అంతకన్న తగ్గితే లోపలికే కొట్టుకుపోతాడు.

భూపవనం, సముద్రపవనం గురించి మీరు చదివారు. రాత్రి, తెల్లవారుజామున నేల త్వరగా చల్లబడటం వల్ల గాలి నేలనుంచి సముద్రంవైపు వీస్తుంది. ఉదయం నీరు ప్రశాంతంగా కనిపించినా ఆ గాలి మిమ్మల్ని లోపలికి తీసుకుపోగలదు. కాబట్టి బయలుదేరేటప్పుడు ఎప్పుడూ గాలికి ఎదురుగా వెళ్ళాలి. అలా వెళితే తిరిగివచ్చేటప్పుడు గాలే సాయపడుతుంది. సముద్రంలో అది కుదరనప్పుడు ఒడ్డు వెంబడే ఉండాలి.

విశాఖ తీరంలో మరొక ప్రమాదం ఉంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు కొన్నిచోట్ల ఇరుకైన పాయగా వేగంగా వెనక్కు పోతుంది. దీన్ని రిప్ ప్రవాహం అంటారు. దానిలో చిక్కినవారు ఎదురీది అలసిపోతారు. భయపడకుండా తేలుతూ, చేయెత్తి సాయం కోరాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయనుంచి బయటపడి, తర్వాత ఒడ్డుకు రావాలి.

జాకెట్టు ఎందుకు?

"నాకు ఈత వచ్చు, జాకెట్టు ఎందుకు?" అని అడిగేవారున్నారు. మన శరీర సాంద్రత దాదాపు నీటితో సమానం. గుండెలనిండా గాలి పీల్చినా కొద్ది భాగమే నీటిపైన ఉంటుంది. అది ముక్కు కావాలనే నియమమేమీ లేదు. తలకు దెబ్బ తగిలినా, కండరాలు పట్టేసినా ఈత పనికిరాదు. ఏడున్నర లీటర్ల నురుగు పదార్థం ఉన్న జాకెట్టు సుమారు 7 కిలోల బరువును పైకి ఎత్తగలదు. శరీరంలో ఎక్కువ భాగం నీటిలోనే తేలుతుంది కనుక ముక్కు, నోరు పైన ఉంచడానికి ఆ 7 కిలోలు చాలు.

జాకెట్టు మీ కొలతకు సరిపోవాలి. అన్ని పట్టీలూ బిగించాక మీ స్నేహితుణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి పైకి వస్తే అది మీ జాకెట్టు కాదు. గాలి నింపిన ట్యూబు జాకెట్టుకు బదులు కాదు. అది చిల్లుపడవచ్చు, చేతిలోంచి జారిపోవచ్చు.

2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ తిరగబడి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. పడవ పెద్దదైనా చిన్నదైనా నీటి సూత్రాలు ఒక్కటే.

మొదటిరోజు పాటించవలసినవి

• పెద్దలు వెంట ఉండాలి. శిక్షకుడు, రక్షణ సిబ్బంది ఉన్నచోటే ఎక్కాలి.
• ముందుగా అలలు లేని నీటిలో నేర్చుకోవాలి. సముద్రం రెండో మెట్టు.
• తుఫాను హెచ్చరిక, ఉరుములు, బలమైన గాలి ఉన్నరోజు ఒడ్డునే ఉండాలి.
• ఒడ్డుకు దగ్గరగా, నడుములోతు నీటిలో ఒకసారి కావాలనే తిరగబడి, మళ్ళీ ఎక్కడం నేర్చుకోవాలి. పడవను వెల్లకిల తిప్పి, దానిమీద అడ్డంగా బోర్లా పడుకుని, తర్వాత తిరిగి కూర్చోవాలి.
• పడవ తిరగబడితే దాన్ని వదలకూడదు. అది తేలుతుంది, దూరానికి కనిపిస్తుంది.
• తలకు టోపీ, తాగడానికి నీరు మరవకూడదు.

ఇంకొక మాట. మన పక్కనే శారదానదిమీద రైవాడ జలాశయం ఉంది. ఊరూరా చెరువులున్నాయి. ఈ వ్యాసం చదివి అరటిబోదెలు, థర్మాకోల్ పలకలు, లారీ ట్యూబులు పట్టుకుని వాటిలోకి దిగకండి. చెరువు అడుగున మట్టి తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలిలోతు అనుకున్నచోట పక్క అడుగులోనే నిలువులోతు ఉండవచ్చు. ఎవరైనా మునిగిపోతుంటే మీరు దూకకండి. కేకవేసి పెద్దలను పిలుస్తూ తాడో, పొడవైన వెదురుగెడో, మూతబిగించిన ఖాళీ డబ్బానో అందించండి.

ఆలోచించండి

1. కయాక్, మనిషి, సామాను కలిసి 82 కిలోలు. సముద్రంలో ఎన్ని లీటర్ల నీరు తొలగుతుంది?
2. గాలి గంటకు 1 కిలోమీటరు చొప్పున నెడుతోంది. నిశ్చల నీటిలో మీ వేగం గంటకు 4 కిలోమీటర్లు. గాలికి ఎదురుగా 20 నిమిషాలు వెళితే ఎంత దూరం పోతారు? తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది?
3. గుండ్రని పుట్టిని ఒకేపక్క తెడ్డు వేసి నడిపితే గిర్రున తిరుగుతుంది. పొడవైన కయాక్ అంతగా తిరగదు. కారణం ఏమిటి?