పాస్‌పోర్టు కఫీల్ సొత్తు కాదు

నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల్లో మనిషిని గల్ఫ్‌కు పంపిన ఇళ్ళలో తరచు వినబడే మాట: "పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది." అదేదో సహజమైన విషయమన్నట్టు చెబుతారు. అసలు 'కఫాలత్' అంటే ఫిఖహ్‌లో జామీనుగా నిలబడటం, మరొకరి భారాన్ని తన మీద వేసుకోవడం. ఈనాడు ఆ పేరుతోనే పనివాడి మెడకు తాడు వేస్తున్నారు.

పాస్‌పోర్టు లేనివాడు నాలుగు నెలలు జీతం అందకపోయినా కదలలేడు. అందుకే పత్రాలు ఆపిపెట్టడాన్నీ, జీతం ఆపడాన్నీ అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమకు సూచనలుగా లెక్కిస్తుంది. నిర్బంధ శ్రమను నిషేధించిన దాని 29వ ఒడంబడిక 1930 నాటిది. ఏ దేశాన్నయినా విడిచి వెళ్ళే స్వేచ్ఛ ప్రతి మనిషికీ ఉందని పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. ఇందులో కువైట్ 1996లో, ఖతర్ 2018లో చేరాయి.

కాగితం మీది మాటల వల్ల ఏం ఒరుగుతుందని కొందరు అడుగుతారు. ఖతర్‌లో జరిగింది చూడండి. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఆ దేశంపై ఫిర్యాదు దాఖలైంది. సంస్కరణలకు ఒప్పుకున్నాక 2017 నవంబరులో దాన్ని ముగించారు. 2018లో చాలామంది కార్మికులకు, 2020లో ఇంటి పనివారికి కూడా దేశం విడిచేందుకు యజమాని అనుమతి అక్కర్లేకుండా పోయింది. ఇంటి పనివారు 72 గంటల ముందు తెలియజేస్తే చాలు. ఉద్యోగం మారడానికి పాత యజమాని ఒప్పుకోలు అవసరమనే నిబంధనను 2020లో తీసేశారు. 2021 మార్చి నుండి కనీస వేతనం 1,000 రియాళ్ళయింది. వసతి, భోజనం ఇవ్వని యజమాని మరో 800 ఇవ్వాలి. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం చేసిన 68వ చట్టం వారానికొక సెలవు ఇచ్చి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదన్నది. అయితే అదే కువైట్ 2025 జూలై నుండి ప్రైవేటు సంస్థల్లోని విదేశీ కార్మికులు దేశం విడవడానికి యజమాని అనుమతి తప్పనిసరి చేసింది. హక్కు ఒకసారి వస్తే ఇక పోదని అనుకోవడానికి లేదు.

ముస్లిం యజమానికి ఇవి పరాయి చట్టాలేమీ కావు. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకున్న పెద్దాయన గడువు ముందే చెప్పాడు: ఎనిమిదేళ్ళు, పదేళ్ళు పూర్తిచేస్తే అది మూసా ఇష్టం. కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని కూడా అన్నాడు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాది అవుతాడని బుఖారీ హదీసులో ఉంది. ఇది దోహాలోని షేఖుకే కాదు, మన బజారులో దుకాణం కుర్రవాడి జీతం రేపు మాపని తిప్పే మనకూ వర్తిస్తుంది!

ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఈ పనులు చేయించండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం జిరాక్సులు ఇంట్లో ఒక జత ఉంచండి. ఒప్పందంలో జీతం, పని గంటలు, సెలవు చదివించుకోండి. ఏజెంటు నోటిమాట నమ్మవద్దు. జీతం బ్యాంకు ద్వారానే తీసుకొమ్మనండి, బకాయిల ఫిర్యాదులో ఆ లెక్కే సాక్ష్యం. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వనంటే అక్కడి కార్మిక శాఖకు, భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. ఇక్కడి నుండి కుటుంబం వారు కూడా విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.