పిలుపులో సమానత

మానవ సంబంధాలకు మాటే పునాది. పదిమంది కలిసి పనిచేసే చోట మాటకు బాధ్యత మరింత ఎక్కువ. ఒకరిని పిలిచే తీరును బట్టే అక్కడ వారికున్న స్థానం తెలిసిపోతుంది.

ఇందుకు నల్లగొండ చరిత్రే సాక్ష్యం. నిజాం పాలనలో వెట్టిచాకిరి చేసేవారిని దొరలు 'ఒరే' అని పిలిచేవారు. బదులు పలికేవారు 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అనవలసి వచ్చేది. 'నీ బాంచెన్' అంటే నీ బానిసనని అర్థం. పని మొదలు కాకముందే మాట మనిషిని లొంగదీసేది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ పిమ్మట పల్లెల్లో సంఘాలు బలపడ్డాయి. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం భూమి కోసమే కాదు, తలెత్తి మాట్లాడే హక్కు కోసం కూడా.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి కరవు వల్ల వలసపోయిన శ్రామికులు ఎన్నో ఆనకట్టల, కాలువల నిర్మాణంలో చెమటోడ్చారు. వారికి దక్కిన పేరు మాత్రం 'పాలమూరు లేబర్'. ఎవరి నైపుణ్యం ఏదైనా, అందరికీ అదొక్కటే పేరు.

ఈ లోపాన్ని సరిదిద్దే సాధనం తెలుగు వ్యాకరణంలోనే ఉంది. ఏకవచనంలో 'అతడు వచ్చాడు', 'ఆమె వచ్చింది' అంటాం. 'బండి వచ్చింది' అన్నప్పుడూ క్రియ 'వచ్చింది' అనే ఉంటుంది. 'వారు వచ్చారు' అనే బహువచనంలో స్త్రీపురుష భేదం తొలగిపోతుంది. గౌరవార్థంలో ఒక్కరికీ ఈ బహువచనాన్నే వాడతాం. అయితే కార్యాలయాలలో అధికారికి 'వచ్చారు', అటెండరుకు 'వచ్చాడు', ఊడ్చే స్త్రీకి 'వచ్చింది' అనడం అలవాటైపోయింది. ఆ గౌరవం పదవికి కాక మనిషికి చెందాలి.

రాతలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 'ఉద్యోగులు తమ భార్యలతో విచ్చేయగలరు' అని ఆహ్వానపత్రం రాస్తే, ఆ సంస్థలోని స్త్రీలు లెక్కలో లేనట్లే. 'కుటుంబసభ్యులతో' అంటే అందరూ చేరతారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు వంగినవారు ఎందరో ఉన్నారు. వారిని వైకల్యంతో కాక పేరుతో, చేసే పనితో గుర్తించాలి.

షెడ్యూల్డు కులాల, తెగల వారిని కులం పేరుతో బహిరంగంగా అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం దూషణను శిక్షించగలదు కాని, గౌరవాన్ని నేర్పలేదు. రేపు ఉద్యోగాలలో చేరబోయే విద్యార్థులు ఆ సంస్కారాన్ని నేటి కళాశాల ప్రాంగణంలోనే అలవరచుకోవాలి. గేటు దగ్గర కాపలా ఉన్నవారిని 'మీరు' అని పలకరించడమే అందుకు తొలి పాఠం.