చికిత్సా పత్రములపై రోగికి గల హక్కు

ధర్మవరమున పట్టుచీరలు నేయు ఒక నేతపనివాడు నడుమునొప్పికి ఊరి ఆసుపత్రిలో చేరి, పది దినములుండి, నయము కాక, పెనుకొండ హిందూపురముల మీదుగా బెంగుళూరు పోవు రైలెక్కుచున్నాడనుకొనుడు. సొమ్ము అప్పో సప్పో చేసి కూర్చుకొనును గాని, జరిగిన చికిత్స తాలూకు కాగితములు మాత్రము అతని సంచిలో నుండవు. అడిగినచో, "మరల మాయొద్దకే వత్తురు గదా" యని త్రిప్పి పంపుట కొన్నిచోట్ల వాడుకయై పోయినది. అందుచేత బెంగుళూరున మరల అదే రక్తపరీక్ష, అదే స్కానింగు. అంతకన్న దుఃఖకరమైనది, ఏ మందు ఆ శరీరమునకు సరిపడలేదో క్రొత్త వైద్యునికి తెలియకపోవుట.

భారత వైద్య మండలి 2002లో వెలువరించిన నియమావళి, ఆసుపత్రిలో చేరిన రోగుల వివరములను చికిత్స మొదలైన నాటినుండి మూడేండ్లు భద్రపరుపవలెననియు, రోగి గాని అతడు అధికారమిచ్చిన మనిషి గాని కోరినచో 72 గంటలలో ఈయవలెననియు విధించుచున్నది, ఈయకుండుట వృత్తిదోషము. బిల్లు బాకీ యున్నదను మినహాయింపు ఆ నియమమున లేదు. 2023లో క్రొత్త నియమావళి ప్రకటింపబడిన నెలలోనే నిలిపివేయబడినది గనుక పాతదే ప్రమాణము.

నోటిమాటగా అడిగినదానికి సాక్ష్యముండదు. రోగి పేరు, చేరిన తేదీ, కావలసిన పత్రములు తెల్లకాగితముపై వ్రాసి యిచ్చి, నకలుపై ముద్రయు తేదీయు వేయించుకొనవలెను. అప్పటికిని ఈయనిచో, ఆ వైద్యుడు నమోదైన రాష్ట్రపు మెడికల్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును. అనగా బెంగుళూరు వైద్యునిపై సాధారణముగా కర్ణాటక కౌన్సిలుకు. ఆరు మాసములలో నిర్ణయము జరుగవలెను.

నష్టపరిహారము కోరువారికి వినియోగదారుల కమిషన్ కలదు. రుసుము గొని చేయు వైద్యము సేవయే యని సుప్రీంకోర్టు 1995లో శాంత కేసున తేల్చినది. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనిచో కమిషనుకు రుసుము లేదు. 2019 నాటి చట్టము మరొక మేలు చేసినది: ఆసుపత్రి బెంగుళూరున నున్నను, ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే కేసు వేయవచ్చును. మగ్గము విడిచి పరరాష్ట్రపు కోర్టుల చుట్టు తిరుగవలసిన పనిలేదు.