తోటపైరులకు తెల్లదోమ: గుర్తించుట, నివారించుట

నల్లమాడ ప్రాంతమున బావినీటిని నమ్ముకొని టమాటా, మిరప, వంగ, బెండ సాగుచేయు రైతుసోదరులకు తెల్లదోమ పెద్ద శత్రువు. దీనిని తొలిదినములలోనే గుర్తింపనిచో పిమ్మట ఎంత వ్యయపడినను ఫలము స్వల్పము. కావున ఈ మాసము దీనిని గూర్చి వివరించుచున్నాము.

గుర్తులు: మొక్కను మెల్లగా కదల్పగా పిండి చల్లినట్లు తెల్లని చిన్నపురుగులు లేచి, మరల ఆకుల అడుగున వ్రాలును. పెద్దపురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. గ్రుడ్లును ఆకు అడుగుననే యుండును. పిల్లపురుగు కొంచెము దూరము ప్రాకి, ఒకచోట మూతిని గ్రుచ్చి, పొలుసువలె అంటుకొని రసము పీల్చును. వెచ్చని దినములలో సుమారు 3 వారములకే ఒక తరము ముగియును. పచ్చదోమ యన్ననో ఆకుపచ్చగా నుండి అడ్డముగా నడచును. రెంటిని ఒకటిగా భ్రమింపరాదు.

నష్టము: పురుగు విసర్జించు తేనెవంటి జిగురుపై నల్లని మసి బూజు పట్టి, ఆకునకు వెలుతురు అందదు. ఇంతకంటె గొప్ప కీడు తెగులును మోయుట. టమాటాకు ఆకుముడత, బెండకు పల్లాకు తెగులు దీనివలననే వ్యాపించును. తెగులు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు.

మందులతో జాగ్రత్త: 1984-85 ప్రాంతమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిపైరుపై తెల్లదోమ విజృంభించెను. పైరిత్రాయిడు మందులను మితిమీరి చల్లుట దానికొక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తెలిపిరి. మందు మిత్రకీటకములను చంపగా శత్రువు మిగిలెను. ఇందుకు భిన్నముగా, ఇంగ్లండులో 1926 మొదలుకొని అద్దపు ఇండ్లలోని టమాటాలపై ఎన్‌కార్సియా యను చిన్న కందిరీగజాతి పురుగును వదలి తెల్లదోమను అణచిరి. మన నీడవలల క్రింద సాగుచేయువారు గమనింపదగిన పాఠమిది.

చేయవలసిన పనులు:

1. నారుమడిని అంగుళమునకు 40 మొదలు 50 కన్నులు గల సన్నని వలతో కప్పవలెను.

2. నాటుటకు ముందే చేనిచుట్టు జొన్నగాని మొక్కజొన్నగాని 2, 3 సాళ్లు దట్టముగా విత్తవలెను.

3. పసుపురంగు పూసిన రేకులకు ఆముదము రాచి, పైరు ఎత్తున ఎకరమునకు 10 మొదలు 20 వరకు నిలుపవలెను.

4. తెగులు మొక్కలను కనిపించిన దినముననే పెరికి కాల్చవలెను. గట్లపై తుత్తురబెండ మొదలగు కలుపును ఉంచరాదు. నత్రజని ఎరువును మితిమీరి వేయరాదు.

5. వేపగింజల పప్పు 5 కిలోలు నూరి, 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేసి, వడగట్టి, 100 లీటర్లు చేసి, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలమున ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను. పైభాగము మాత్రమే తడిపిన శ్రమ వృథా.

పట్టుపురుగులను పెంచువారు పొరుగున నున్నచో, ఏ మందైనను మల్బరీ ఆకుపై పడనీయరాదు. ఆ ఆకు తిన్న పురుగులు నశించును. పొరుగువాని గూడు పోవును.

తెల్లదోమకు గట్టు అడ్డము కాదు. ఒకరు శుభ్రపరచిన చేను ప్రక్కచేని నిర్లక్ష్యముచే వారములోనే మరల నిండును. కావున ఒక బావిక్రింది రైతులందరును ఒకే దినమున మొక్కలు చూచి, ఒకే వారమున పనిచేయుదురు గాక. సహకారమునకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు.