మీటరు చెప్పే లెక్క

పిల్లలూ! "గదిలో ఎవరూ లేరే, దీపం ఎందుకు వెలుగుతున్నది?" అని ఇంట్లో అవ్వ కేకవేయడం మీరు వినే ఉంటారు. అవ్వ మాట సరియైనదే. కాని నేటి ఇళ్ళలో విద్యుత్తు ఎక్కువగా వృథా అయ్యేది ఆ దీపం వద్ద కాదు. ఎక్కడో తెలియాలంటే లెక్క వేయవలసిందే.

నీలగిరులలోని పైకారా నది నీటితో తీసిన విద్యుత్తు 1932లో కోయంబత్తూరు ప్రాంతానికి అందసాగింది. నూలు మిల్లులు పెరిగాయి. బావుల వద్ద కపిల లాగే ఎద్దుల పనిని మోటార్లు అందుకొన్నాయి. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో, తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలసి 1937లో విద్యుత్ మోటారును తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా అది పేరు పొందింది. అటువంటి మోటారే నేడు సిరువాణి నీటిని మన మేడపై తొట్టికి ఎక్కిస్తున్నది.

వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్. ఒక అశ్వశక్తి మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకొంటుంది. తొట్టి నిండి పొర్లుతున్నా రోజూ పావుగంట మోటారు ఆపకపోతే, 60 రోజులకు 15 యూనిట్లు పోతాయి. నీరు కూడా పోతుంది. అదే 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపాన్ని రోజుకొక గంట మరచిపోతే, 60 రోజులకు అర యూనిట్‌కు కొంచెం ఎక్కువ మాత్రమే! టీవీని రిమోటుతో ఆపి, పక్కనున్న పెట్టెను అలాగే వదిలివేస్తాము. అది 10 వాట్లు తీసుకొంటున్నదనుకోండి. రోజుకు 20 గంటల చొప్పున 60 రోజులకు 12 యూనిట్లు. గోడమీది స్విచ్చి నొక్కితే ఇది ఉండదు.

మదురైలోని పాత మండువా ఇళ్ళలో పగలు దీపం అక్కరలేదు. నడిమి ముంగిలి నుండి వెలుగూ గాలీ వచ్చేవి. అన్నదమ్ములు పంచుకొని గోడలు కట్టుకొన్నాక ఆ గదులలో మధ్యాహ్నమూ దీపమే. గోడ తీయలేము గాని, కప్పులో ఒక గాజు పెంకు అమర్చుకోవచ్చు.

"ఉచిత కరెంటే కదా!" అనేవారూ ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం 2016లో ఇళ్ళకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం చేసింది. ఉచితమైనా ఆ యూనిట్ కోసం ఎక్కడో నీటిని వదలవలసిందే, లేదా బొగ్గు మండించవలసిందే.

కృత్యం: ఒకనాడు ఇంట్లో అన్ని దీపాలు, ఫ్యానులు, టీవీ, ఫ్రిజ్ పెద్దల సాయంతో ఆపి మీటరు చూడండి. ఎర్రచుక్క ఇంకా మిణుకుతున్నదా? అయితే ఏ పరికరం వల్లనో వెదకి, నోటుపుస్తకంలో రాసి, తరగతిలో చదవండి.